సుమ ఓడిపోలేదు

నా మరిది భార్య బాగా గెలిచే మనిషి. తను ఓడిపోయే మనిషినని ఆమె నమ్మేలా చేసింది నేను. ఏళ్ల తరబడి ఈ రెండు మాటలూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడవు. బయటికి అనేయడానికి ధైర్యం చాలదు. ఆ నోటితోనే పెళ్లిళ్లలో నవ్వాను, ఆఫీసులో ప్రెజెంటేషన్లు ఇచ్చాను, మా అమ్మాయికి అబద్ధాలాడకూడదని బుద్ధులు చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసిందీ అదే. తెలిసినవాళ్లకి చెబితే ముందు నన్ను ఓదారుస్తారు. ఎప్పటి సంగతో, వదిలెయ్యి అంటారు. ఆ మాట వింటే నమ్మేస్తానేమోనని నా భయం.

పేరు మార్చి చెబుతున్నాను. ఆమెను సుమ అందాం. నా పేరు అక్కర్లేదు. ఆమె నన్ను పిలిచే పిలుపు చాలు. అక్కా అంటుంది.

మేం తోడికోడళ్లం. టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటి నుంచి వాళ్లింటికి కారులో పోపు మాడేలోపు వెళ్లిపోవచ్చు. నాది గుంటూరు వైపు, ఆమెది వరంగల్. నేను ఒక పెద్ద కంపెనీలో రిస్క్ టీమ్‌లో పనిచేస్తాను. ఏ పనిలో ఎంత పోవచ్చో ముందే లెక్కగట్టి, అంతకు మించి పోకుండా చూడటం నా ఉద్యోగం. నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ ఈ విషయంలో చాలాసార్లు నవ్వుకున్నాను.

సుమ డెంటిస్టు. ఇండియాలో చదివి, ప్రాక్టీసు కూడా చేసి వచ్చింది. ఇక్కడ ఆ చదువు చెల్లదు. మళ్లీ పరీక్షలు రాసి, ఇక్కడి డెంటల్ స్కూల్లో సీటు సంపాదించి, ఇంకొన్నేళ్లు చదవాలి. అప్పట్లో ఆమెది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఒకరోజు భోజనాల దగ్గర ఈ చదువు ప్రస్తావన వస్తే మా మరిది, "సీటు డిపాజిట్ నువ్వు తెచ్చుకో తల్లీ, మిగతా లోన్‌కి సంతకం నేను పెడతా" అన్నాడు. సంపాదించడానికి వీల్లేని మనిషిని డబ్బు తెచ్చుకోమనడం అతనికి జోకు. అందరం నవ్వాం. సుమ కూడా నవ్వింది. కానీ ఆ మాటను ఆమె జోకుగా తీసుకోలేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

పేకాట దీపావళి పార్టీలో మొదలైంది. ఆడవాళ్లం సరదాగా తీన్‌పత్తీ వేసుకుంటే సుమ అందరి ముందున్నదీ ఊడ్చేసింది. అదృష్టం అనుకున్నాం. మర్నాడు నాతో అంది, అదృష్టం కాదక్కా అని. నొప్పి లేదని అబద్ధం చెప్పే పేషెంటును పట్టుకోవాలంటే ముఖం చూడకూడదట, కాలి వేళ్లు చూడాలట. ముఖాన్ని అందరూ సర్దుకుంటారట. వేళ్లు సర్దుకోవాలని ఎవరికీ తోచదట. "చీరల కింద వేళ్లు కనపడలే గాని, చేతి వేళ్లు చూసిన," అంది.

తర్వాత ఆమె పోకర్ నేర్చుకుంది. పగలు ఖాళీ, ఫోన్‌లో వీడియోలు, ఒక పాత పుస్తకం. ఇక్కడ దుకాణాలు వరసగా ఉండే స్ట్రిప్ మాల్స్‌లో మెంబర్‌షిప్ కట్టి ఆడుకునే కార్డ్ క్లబ్బులు ఉంటాయి. మా దగ్గరిది ఒక నెయిల్ సెలూన్ పక్కన. అక్కడ ఆదివారం మధ్యాహ్నం టోర్నమెంట్లు. ఎంట్రీ ఫీజు కడితే చిప్స్ ఇస్తారు, అవి అయిపోతే ఇంటికి, చివరిదాకా మిగిలిన కొద్దిమందికే బహుమతి డబ్బు. సుమ ఒంటరిగా వెళ్లలేదు. వీసా మీద ఉన్న మనిషి, పైగా మా ఇళ్లలో పేకాట అనే మాటకున్న పేరు తెలిసిందే. నన్ను రమ్మంది. మగాళ్లకి యోగా క్లాస్ అని చెప్పి వెళ్లాం.

ఆ మొదటి డబ్బు నేనే పెట్టాను. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను పుట్టు దొంగనని అనుకుంటారు. అలా అనుకున్నా నాకు తేలికే, కానీ నిజం అది కాదు. నా జీతంలోంచి కొంచెం ఇచ్చాను. ఆమె రెండో నెలలోనే గెలిచి తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత డబ్బాలో ఉన్న ప్రతి డాలరూ సుమ గెలిచిందే.

డబ్బా అంటే నిజంగానే డబ్బా. మా ప్యాంట్రీలో పై అరలో ఖాళీ ఇడ్లీ రవ్వ డబ్బా. పోకర్ ఆడేవాళ్లు బ్యాంక్‌రోల్ అంటారు. ఆటకోసం మాత్రమే విడిగా పెట్టుకున్న డబ్బు. విత్తనాల గింజలు అనుకోండి, ఆకలేసినా వండుకోకూడదు. టోర్నమెంట్లలో ఎంత బాగా ఆడేవాళ్లకైనా ఎక్కువసార్లు ఏమీ రాదు. నెలలు గడిచిపోతాయి. మధ్యలో ఒక్కసారి పెద్దగా వస్తుంది. ఆ ఒక్కసారి వచ్చేదాకా డబ్బు మిగిలి ఉండటమే అసలు విద్య. అందుకని నేనొక నియమం పెట్టాను. ఏ టోర్నమెంటుకైనా డబ్బాలో ఉన్నదాంట్లో యాభయ్యో వంతుకు మించి కట్టకూడదు. డబ్బా నిండితే పెద్ద టోర్నమెంటు, తగ్గితే చిన్నది. రిస్క్ టీమ్ బుర్ర కదా, అది నాకు బాగానే చేతనయింది.

ఇక రెండో ఏర్పాటు సుమ పెట్టింది. డబ్బాలో ఎంతుందో తనకు చెప్పొద్దంది. "ఎంతుందో తెలిస్తే చెయ్యి వణుకుతదక్కా. నువ్వు పెద్దదానివి, నీ దగ్గరే ఉండనీ. ఈ వారం ఏది ఆడాల్నో చెప్పు, ఆడి వస్త." అంతే. గెలిచిన రోజు కవరు తెచ్చి విప్పకుండా నా చేతిలో పెట్టేది. లెక్క పెట్టుకోవే అంటే వినేది కాదు. పెద్దకోడలి చేతిలో డబ్బు పెడితే ఇక దాని గురించి అడగకూడదన్నది వాళ్లమ్మ నేర్పిన మర్యాద. మా అత్తగారు ఇంటి తాళాలు కూడా నాకు అంత నమ్మకంగా ఇవ్వలేదు.

డిపాజిట్‌కు సరిపడా పోగయితే చెబుతానన్నాను. ఏడాది తిరిగేసరికి దాదాపు పోగయింది. ఇంకొక మంచి ఆదివారం చాలు. ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. కారణం చెప్పాలి. ఇన్నేళ్లలో ఎన్ని కారణాలు తయారుచేసుకున్నానో! ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి, మనసు బాగోలేదు, మా ఆయనతో మాటలు సరిగ్గా లేవు. అన్నీ నిజాలే. ఒక్కటీ కారణం కాదు. కారణం సిగ్గుచేటుగా చిన్నది. ఆమె వెలుగుతుంటే నాకు కడుపు మండింది.

క్లబ్బులో నేను కూడా అప్పుడప్పుడు చిన్న టోర్నమెంట్లు నా సొంత డబ్బుతో ఆడేదాన్ని. ఆడటం అంటే ఏముంది, మంచి ముక్కలు పడేదాకా ఫోల్డ్ చేస్తూ, అంటే పారేస్తూ కూర్చోవడం. ఒకరోజు తిరిగి వస్తుంటే కారులో సుమ నవ్వుతూ, "అక్కా, నువ్వు ఫోల్డ్ రాణివి. నీకు కిరీటం చేయించాలె," అంది. ఆట తెలిసినవాళ్ల దృష్టిలో ఇది తిట్టు కాదు. ఆమె ముద్దుగానే అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ అదే మాట నమిలాను. నియమం నాది, లెక్క నాది, ఓపిక నాది. పేరు మాత్రం ఆమెది. నేను భద్రంగా దాచేదాన్ని, ఆమె తెలివిగలది. చిన్నప్పటి నుంచీ నన్ను అందరూ బుద్ధిమంతురాలు అనే అన్నారు, తెలివైనదని ఒక్కరూ అనలేదు. నలభై దాటాక అది గుర్తొచ్చి ఏడుపొస్తుందని ఎవరనుకుంటారు?

సుమకి కాలిఫోర్నియాలో ఒక డెంటల్ స్కూల్ నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. ఆ రాష్ట్రంలోనే డబ్లిన్ అనే ఊళ్లో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఉంటే అక్కడ దిగి, వెళ్లి వస్తానంది. శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. దేవుడికి దణ్ణం పెట్టుకోమంది. పెట్టుకుంటానన్నాను.

ఆ శనివారం మా ఆయన అమ్మాయిని తీసుకుని స్విమ్మింగ్ పోటీలకు వెళ్లారు. నేను ప్యాంట్రీలో స్టూలెక్కి డబ్బా దింపాను. మొత్తం తీయలేదు. ఒక్క ఎంట్రీకి సరిపడా తీశాను. మళ్లీ ఆలోచించి డబ్బా మొత్తం సంచిలో పెట్టుకున్నాను. ఆ రెండో పనిని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక్క ఎంట్రీ ఆడదామని వెళ్లే మనిషి మొత్తం ఎందుకు పట్టుకెళ్తుంది? నాకు ముందే తెలుసా? తెలిసే వెళ్లానా?

పక్క రాష్ట్రం ఓక్లహోమా సరిహద్దు దాటగానే ఉన్న కాసినోలో పెద్ద టోర్నమెంటు. దాని ఎంట్రీ ఫీజు మా డబ్బాలో ఉన్నదాంట్లో నాలుగో వంతు. యాభయ్యో వంతు అని చిలక్కి చెప్పినట్టు చెప్పిన మనిషిని, నాలుగో వంతు తీసి కౌంటర్ మీద పెట్టాను. గెలిస్తే సుమ డిపాజిట్ నా చేతుల మీదుగా వస్తుంది. ఆమె ఎయిర్‌పోర్టులో దిగగానే చెబుతాను. ఫోల్డ్ రాణి గెలిచిందని చెబుతాను. దార్లో కారులో ఆ మాట ఎలా అనాలో రెండు మూడు రకాలుగా పైకి అని చూసుకున్నాను కూడా.

మొదటి రెండు గంటలూ బుద్ధిగానే ఆడాను. అక్కడ తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం కాసేపటికోసారి పెరుగుతూ పోతుంది. ముక్కలు పడేదాకా కూర్చుంటే మన చిప్స్ అవే కరిగిపోతాయి. నావి సగమయ్యాయి. అప్పుడు రెండు రాణులు పడ్డాయి, ఆఠీను, ఇస్పేటు. ఎదురుగా టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నదంతా ముందుకు తోశాడు. అప్పటిదాకా ఆయన ఒక్క ఆటలోకి కూడా దిగలేదు. నాలాంటి మనిషే. అలాంటివాడు అన్నీ పెట్టాడంటే ఏమున్నాయో నాకు తెలుసు. సుమ అయితే ముక్కలు పారేసి నీళ్లు తాగేది. నాకు చెవిలో ఫోల్డ్ రాణి అని వినపడింది. కాల్ అని నావీ అన్నీ తోసేశాను. ఆయన రెండు రాజులు తిప్పాడు.

అక్కడితో లేచి వచ్చేస్తే నేను మూర్ఖురాలినయ్యేదాన్ని, అంతే. నాలుగో వంతు నా జీతంలో రెండు మూడు నెలల్లో సర్దేసేదాన్ని. కానీ ఆ టోర్నమెంట్లో రీ-ఎంట్రీ ఉంది. డబ్బు మళ్లీ కడితే మళ్లీ చిప్స్. ఆడేవాళ్లు దాన్ని బుల్లెట్ అంటారు. ఇంకో బుల్లెట్ కాల్చు అంటారు. నేను కాల్చాను. అది ఆట కాదు, కోపం. టోపీ పెద్దాయన మీద కాదు, నా మీద కూడా కాదు, ఎక్కడో కాలిఫోర్నియాలో ఇస్త్రీ బట్టలు వేసుకుని ఇంటర్వ్యూకి కూర్చున్న మనిషి మీద. అది కూడా పోయింది. మూడోది ఎలా పోయిందో చెప్పడానికి కూడా ఏమీ లేదు. కూర్చున్న కాసేపటికే చేతిలో ఏమీ లేకుండా అన్నీ తోసేశాను, ఎవరో కాల్ అన్నారు.

బయటికొచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. పార్కింగ్‌లో ఉండగా సుమ ఫోన్ చేసింది. "అక్కా, మస్తయిందక్కా ఇంటర్వ్యూ. వాళ్లు నవ్విండ్రు. సీటు వస్తదనిపిస్తుంది. ఎక్కడున్నవ్, ఏందా చప్పుడు?" అంది. గ్రాసరీకి వచ్చానన్నాను. అబద్ధం ఆలోచించకుండానే వచ్చింది. వస్తూ నిజంగానే ఇండియన్ స్టోర్‌లో ఆగి బెండకాయలు కొన్నాను, అబద్ధం నిజం చేద్దామన్నట్టు. ఏరి మరీ కొన్నాను, తోకలు విరిచి చూసి. ఆ రోజు గురించి నాకు అన్నిటికంటే అసహ్యం ఆ బెండకాయలే.

డబ్బాలో నాలుగో వంతు మిగిలింది.

మీరు అడుగుతారు, నీ దగ్గర వేరే డబ్బు లేదా అని. ఉంది. కంపెనీ ఇచ్చిన షేర్లు ఉన్నాయి. కొన్ని అమ్మితే డబ్బా ఎప్పటిలా నిండేది. సుమకి సీటు రావడానికి, డిపాజిట్ గడువుకీ ఇంకా నెలల టైమ్ ఉంది. అయితే ఆ అకౌంట్ మా ఇద్దరి పేరు మీద. మా ఆయన అడుగుతారు, ఎందుకమ్మావని. కాసినో అని చెప్పాలి. పెద్దకోడలు పేకాటలో పోగొట్టిందని చెప్పాలి. లాగిన్ అయ్యి, ఆ పేజీ చూసి, మూసేసేదాన్ని. చాలాసార్లు. ఆ శనివారం చేసిన తప్పు ఒక పూటది. ఈ తప్పు రోజూ పొద్దున లేచి, పళ్లు తోముకుని, కొత్తగా చేసింది.

నాకు అబద్ధం పెద్దగా అల్లాల్సిన అవసరం రాలేదు. ఆ ఆటే నా తరఫున అబద్ధమాడింది. గెలిచేవాళ్లు కూడా నెలల తరబడి ఓడతారని నేనే సుమకి నేర్పాను కదా. ఆమె వచ్చాక, "డబ్బా కాస్త తగ్గింది, కొన్నాళ్లు చిన్నవి ఆడు" అన్నాను. ఎందుకు తగ్గిందని అడగలేదు. అడగకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమమే. చిన్న టోర్నమెంట్లలో బహుమతులు చిన్నవి. పైగా ఆమెకు అనుమానం మొదలైంది, నా మీద కాదు, తన మీద. తన చూపు దెబ్బతిందేమో అనుకుంది. అంతకుముందు టక్కున తీసుకునే నిర్ణయాలకు ఇప్పుడు ఆలోచించేది. క్లబ్బులో పక్కన కూర్చుని చూస్తుండగానే ఆమె చేతులు వణకడం మొదలైంది. ఎంతుందో తెలిస్తే వణుకుతదన్న మనిషికి, ఎంతుందో తెలియకుండానే వణుకు పట్టించాను.

మార్చిలో సీటు వచ్చింది. కూరగాయలు కొనుక్కుని ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నాం. ఆమె ఫోన్ చూపించింది. ఫలానా తేదీలోపు డిపాజిట్ కట్టాలని ఉంది. నా వైపు తిరిగి కూర్చుంది. పెళ్లికూతురిలా ఉంది ముఖం.

"అక్కా, ఇప్పుడు చెప్పు. డబ్బాలో ఎంతుంది?"

ఉన్నదెంతో చెప్పాను. ఆమె ముఖం చూడలేక స్టీరింగ్ చూశాను.

"అంతేనా? నేను బాగ ఎక్కువ ఉంటదనుకున్న."

"గెలిచినవి గుర్తుంటాయే నీకు. కట్టినవి గుర్తుండవు. అందరికీ అంతే."

ఆమె ఫోన్ బ్యాగులో పెట్టేసింది. ఎదురుగా ఎవరో బియ్యం బస్తాలు కారులో పెట్టుకుంటున్నారు.

"మనం పోగొట్టుకున్నాం సుమా," అన్నాను. నిజంలో సగమైనా చెప్పానని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట వాడాను. మనం అంటే అందులో నేను కూడా ఉన్నాను కదా అని.

సుమ నా చెయ్యి పట్టుకుంది. "మనం కాదక్కా. నేను. నువ్వేం చేసినవ్? నీ లెక్క నువ్వు మంచిగనే పెట్టినవ్. నాకే చాతకాలే."

నన్ను ఆ మాటలోంచి ఆమే తప్పించింది. నేను దాక్కున్న మాట తలుపు తీసి, నువ్వు బయటికి పో అక్కా, ఇదంతా నాది అంది. నేను పోయాను. నోరు మెదపలేదు. కనీసం కాదే అనలేదు. ఇక్కడ ఎన్నిసార్లు ఆగి నన్ను నేను అడిగానో, అప్పుడు నా నోటికి ఏమైందని. ఏమీ కాలేదు. ఊపిరి తేలికయింది. అదే నిజం. ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు, హాయిగా అనిపించింది.

ఇంకా ఉంది. ఆ వారంలో నా సొంత అకౌంట్లోంచి కొంత తీసి, మా ఆయనకు అనుమానం రానంత మాత్రమే తీసి, సుమకు ఇచ్చాను. "నా తరఫున ఇది ఉంచుకో, మిగతాది ఎక్కడైనా చూడు" అన్నాను. ఆమె డబ్బులో కొంచెం ఆమెకే ఇచ్చి దానమన్నాను. సుమ ఏడ్చింది. వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను దీవించాను. చెయ్యి ఆమె తల మీద పెట్టి, ఏమని దీవించానో గుర్తులేదు.

మిగతాది దొరకలేదు. ఆమె మొగుణ్ని అడిగింది. అడగాలంటే పేకాట సంగతి చెప్పాల్సి వచ్చింది. చెప్పింది, మొత్తం తన మీదే వేసుకుని. మా అక్కకి సంబంధం లేదు, నేనే తీసుకుపోయేదాన్ని అంది. మరుసటి ఆదివారం మా ఇంట్లో భోజనాలు. మా మరిది పప్పు వడ్డించుకుంటూ, "వదినా, మీ యోగా క్లాస్‌లో మా ఆవిడ ఆస్తి అంతా ఆసనాలు వేయించిందటగా?" అన్నాడు. మా ఆయన నన్ను చూశారు, ఆ చూపులో నా మీద జాలి ఉంది, పాపం దీన్ని కూడా లాక్కెళ్లింది అన్నట్టు. "ఆ అమ్మాయికి నువ్వు ముందే చెప్పాల్సింది" అన్నారు. "చెప్పానండీ" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను నేను. సుమ తల వంచుకుని పెరుగన్నం కలుపుకుంటోంది. గడువు దాటిపోయింది. సీటు ఇంకెవరికో వెళ్లింది. తర్వాత పాప పుట్టింది. ఇక మళ్లీ పరీక్షలు, అప్లికేషన్లు అనే మాట ఆమె ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే, ముందు నాకు క్రమశిక్షణ ఉండాలె కదా, అంటుంది.

నేను మాత్రం ఇప్పటికీ ఇంట్లో లెక్కల మనిషిని. చీటీ పాటలు పాడుకోవాలన్నా, ఇల్లు కొనాలన్నా, కుర్రాళ్లు షేర్లు కొనాలన్నా నన్ను అడుగుతారు. నేను చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు కూడా తడబడదు.

ఇప్పుడు సుమకు వర్క్ పర్మిట్ వచ్చింది. దగ్గర్లోనే ఒక డెంటల్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్‌లో పనిచేస్తుంది. ఇన్సూరెన్స్ కాగితాలు చూస్తుంది, అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. లోపల కుర్చీలో ఎవరైనా బాధతో మూలిగితే తల తిప్పి చూస్తుందట, కానీ లేచి వెళ్లడానికి లేదు. నాకు ఈ మాట నవ్వుతూనే చెప్పింది. మా అమ్మాయి ఈమధ్య కాలేజీ ఫ్రెండ్స్‌తో పోకర్ ఆడటం మొదలుపెట్టి, తన ముద్దు తెలుగులో "పిన్నీ, నువ్వు మంచిగా ఆడుతావ్ అంట, నాకు టీచ్ చెయ్యి" అని అడిగింది. "నాకు చాతకాదు బిడ్డా. ఆ డబ్బంత పోగొట్టిన. మీ అమ్మనడుగు, మీ అమ్మకు ఎట్ల ఆపాల్నో తెలుసు," అంది. నేను అక్కడే కూరగాయలు తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

ఒకసారి ఆమెను అడిగాను, ముక్కు మొహం తెలియని వాళ్లను అంత బాగా చదివే దానివి, ఇంట్లోవాళ్లను ఎందుకు చదవవని. "ఇంట్లోళ్లను చదవద్దక్కా. చదివితే ఇంట్ల ఉండలేం," అంది. తెలిసే అందా? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టి ఊపింది. లేదు, తెలియదు. తెలిసి ఉంటే అంత ప్రేమగా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టం.

పోయిన నెల నాకు కింది దవడ నొప్పి పుట్టింది. ఆమె పనిచేసే చోటికే రమ్మంది. డాక్టరుకు ఇంకా టైమ్ ఉందని, ఎవరూ లేని గదిలో కూర్చోబెట్టి, ముట్టుకోను, ఊరికే చూస్తా అంటూ ఫోన్ లైట్ వేసి నోరు తెరవమంది. ఏళ్ల తర్వాత ఆమె డాక్టరులా నిలబడటం అదే చూశాను. వీపు నిటారుగా, కళ్లు చిన్నవి చేసి. క్లబ్బులో బల్ల ముందు కూర్చున్నప్పుడు కూడా అలాగే ఉండేది. నాకు నా కాలి వేళ్లు గుర్తొచ్చాయి. చెప్పుల్లో గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. చూస్తుందేమోనని చూశాను. ఆమె చూపు నోటి మీద నుంచి కదల్లేదు.

"అక్కా, నిద్రల పళ్లు కొరుకుతున్నవ్. అన్ని అరిగిపోయినయ్. ఏళ్ల నుంచి కొరుకుతున్నవ్ ఇవి. నిద్రల ఏం నములుతున్నవే గంతగనం?"

నోరు తెరిచి ఉంది. ఆమె వేళ్ల దగ్గరే ఉంది మాట. నాలుక కదిపితే చాలు. నేను నోరు మూశాను. "ఆఫీస్ టెన్షన్" అన్నాను.

ఆమె డాక్టరుకు చెప్పి నాకు నైట్ గార్డ్ చేయించింది. అది పెట్టుకుని పడుకుంటే పళ్లు అరగవట. చిన్న నీలం డబ్బాలో పెట్టి, స్టాఫ్ డిస్కౌంట్ వేయించి, మిగతాది తనే కట్టి, నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఆమె చేతి నుంచి డబ్బా తీసుకోవడం నాకు అలవాటే కదా.

ఇది రాసినందుకు నన్ను మంచిదాన్ని అనకండి. సుమకు చెప్పే ధైర్యం నాకు ఇవాళ కూడా లేదు. రేపు వస్తుందని మాట కూడా ఇవ్వను, నా మాటల విలువ మీరు చూశారు. మీకు చెప్పడం వల్ల ఆమెకు సీటు రాదు, ఆ కుర్చీ పక్కన నిలబడే హక్కు రాదు. నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత దవడ కొంచెం వదులైంది. అంత మాత్రానికే సిగ్గుగా కూడా ఉంది. ఆ రోజు పార్కింగ్ లాట్‌లో నేను వాడిన మాటను, ఆమె నా కోసం తప్పుగా దిద్దిన మాటను, ఇక్కడైనా సరిగ్గా రాసి వదిలేస్తాను.

మనం కాదు సుమా. నువ్వు కాదు. నేను.